బావకు లేని రాయి

బీరంగూడ
20 సెప్టెంబర్ 2025, శనివారం

పూజ్యులు, గౌరవనీయులు, పెద్దలు సత్తయ్య బావగారి సముఖానికి,

మీ బామ్మర్ది ఐలయ్య చేతులు జోడించి రాసే సంగతులు. అక్క బాగుంది. మీ బిడ్డ రుచిత కాలేజీకి పోతోంది. నేను ఎప్పటిలాగే ట్రాలీ ఆటోలో నీళ్ల టిన్నులు మోస్తున్నాను. పొద్దున అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లకు, మధ్యాహ్నం పటాన్‌చెరు కంపెనీలకు.

మీ వార్డులో ఫోన్లు తీసేసుకుంటారని, కాగితమైతే లోపలికి పంపిస్తారని అక్క చెప్పింది. అందుకే ప్రతి శనివారం రాసి, ఆదివారం ఆమె మిమ్మల్ని చూడ్డానికి వచ్చేటప్పుడు చేతికిస్తాను. పదో తరగతి తప్పినప్పటి నుంచి నేను రాసిందల్లా టిన్నుల మీద ఫ్లాటు నంబర్లే. తప్పులుంటే మన్నించగలరు.

మీరు దేనికీ దిగులు పడవద్దు. బయటి సంగతి నేను చూసుకున్నాను. నిమజ్జనం నాడు చెరువు కట్ట మీద మీరు క్రేన్ ఎక్కి, జిల్లాలో ఉన్న గణపతులన్నింటినీ ఒకే కొక్కేనికి తగిలించి లేపుతానని అరిచింది ఊరంతా చూసింది కదా. తాగి ఉన్నారని చెప్పేశాను. మీరు జన్మలో చుక్క ముట్టలేదని తెలిసినవాళ్లు కూడా ఎంత సంబరపడ్డారో! "గిప్పటికన్న మనోడైండు" అన్నాడు టీ హోటల్ బాలప్ప. మన దగ్గర తాగుబోతుకు మర్యాద ఉంది బావగారూ. అదే పని తాగకుండా చేసినవాణ్ని చూస్తే మాత్రం తలుపులు వేసుకుంటారు.

తర్వాత మీరు గోడవైపు తిరిగి పడుకుని అన్నం, స్నానం మానేసి దవాఖానలో చేరారు. దానికి కిడ్నీలో రాయి అని చెప్పాను. తొందరపడి చెప్పలేదు, ఆలోచించి చెప్పాను. గుండె అంటే కంపెనీలో మిమ్మల్ని మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరు. షుగర్ అంటే బాలప్ప చాయ్ పాడు చేస్తాడు. రాయి అయితే వస్తుంది, పోతుంది, ఎవరికీ అంటుకోదు.

రాయి అన్న మాట నా నోట్లోంచి జారిందో లేదో, కాలనీలో ప్రతివాడూ డాక్టరయ్యాడు. "ఉలవలు నానవెట్టి, పొద్దుగాల ఆ నీళ్లు తాపియ్యుండ్రి, రాయి పాణం వోయినట్టు వడిపోతది" అని ఒకరు, ఉడకబెట్టాలని ఒకరు. ఊరికే చెప్పి పోతే బాగుండేది. ఇంటింటి నుంచీ ఉలవలు వస్తున్నాయి. అక్క వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. ఎడ్లు లేని ఇల్లయిపోయింది కానీ, ఉంటే ఈ ఏడు వాటికి దసరా ముందే వచ్చేది.

మీ ఆరోగ్యమే మా కోరిక.

ఇట్లు తమ విధేయుడు,
ఐలయ్య

—

దవాఖాన
21 సెప్టెంబర్ 2025

ఐలయ్యా,

ఉత్తరం అందింది. ఇది నువ్వే రాశావా అని రెండుసార్లు చూసుకున్నాను. అక్షరం నీదే, కోడి గీరినట్టుంది. మాట నీది కాదు. నా పెళ్లిలో చెప్పులు ఎత్తుకుపోయి, రెండూ ఎడమకాలివే తెచ్చి పెట్టి, పీటల దాకా కుంటించినవాడివి. క్రేన్ నడుపుతానని ఇన్నేళ్లూ నన్ను 'కొక్కెం బావా' అని తప్ప పిలవనివాడివి. ఇప్పుడు సముఖం ఏంది, విధేయుడు ఏంది? బావాబామ్మర్దుల మధ్య మర్యాద మొదలైందంటే ఇద్దరిలో ఒకడు చచ్చైనా ఉండాలి, భూమి పంచాయితీ అయినా ఉండాలి. మనకు భూమి లేదు. నేను పోలేదు. ఇంకేమైంది?

నాకు మందులు పడుతున్నాయి. చేతులు కొంచెం వణుకుతాయి, అందుకే చిన్నగా రాస్తున్నాను. నా జబ్బుకు పేరుందని డాక్టరు చెప్పారు. బైపోలార్ అంటారట. మనసు కొన్నాళ్లు నిద్ర లేకుండా పైపైకి ఎక్కుతుంది, కొన్నాళ్లు ఎత్తలేనంత కిందికి దిగుతుంది. నా మొహం చూసి, "మీ క్రేన్‌కు బ్రేకు పట్టకపోతే ఎలా ఉంటుందో అలా" అన్నారు. అప్పుడు అర్థమైంది. పేరు తెలిసినరోజు బాగా నిద్రపోయాను. అంతకుముందు నాకేదో అయిందని తెలుసు, ఏమైందో తెలియదు. ఆ భయమే పెద్దది.

ఇక్కడ సంగారెడ్డి నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన నా పక్క మంచం. మంచి మనిషి, క్యారమ్స్‌లో మాత్రం దొంగ. ఈ వార్డులో 'పిచ్చి' అనే మాట ఎవరూ అనరు, టీవీలో సీరియల్ వచ్చేటప్పుడు తప్ప.

రాయి ఎందుకు చెప్పావు? తీరిగ్గా రాయి. నువ్వు నువ్వుగా రాయి.

సత్తయ్య

—

బీరంగూడ
27 సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలు.

మర్యాద ఎందుకని అడిగారు. అక్కడి కౌన్సిలింగ్ మేడం అక్కను కూర్చోబెట్టి, "పేషెంటును ఇంట్లో ఎవరైనా ఎగతాళి చేస్తారా?" అని అడిగిందట. అక్క తడుముకోకుండా, "మా తమ్ముడు. గాడు పుట్టిందే గందుకు" అన్నదట. ఎగతాళి మందుకు విరుగుడని, అసలు వద్దని ఆ మేడం గట్టిగా చెప్పిందట. కాబట్టి మీ మీద ఒక్క జోకు కూడా వేయనని అక్క నా చేత ఒట్టు పెట్టించుకుంది. మీరు రెచ్చగొట్టినా నేను పడను. నాకు దొరికే తిట్లన్నీ లోకం మీదికే మళ్లించాను. లోకానికి లోటు లేదు.

మీ జబ్బు పేరు చదివి, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను. మంగళవారం ఏమైందో వినండి. అమీన్‌పూర్‌లో అయిదో అంతస్తు మేడం ఉంది కదా, టిన్ను మీద చిన్న మరక ఉన్నా "మార్చు భయ్యా, నాకు ఓసీడీ" అంటుంది. ఆ ఇంటి సింకులో మొన్నటి పళ్లేలు పాచి పట్టి ఉంటాయి, వాటికి లేదు ఓసీడీ. ఎదురు ఫ్లాటు ఆవిడ పనిమనిషి రాలేదని "ఫుల్ డిప్రెషన్" అని చెప్తూనే చికెన్ ముక్క చీకుతోంది. వాళ్ల అబ్బాయికి ఫోన్ చార్జింగ్ అయిపోతే 'ట్రామా'. విజిల్ గట్టిగా ఊదిన వాచ్‌మన్ 'సైకో'. అవన్నీ నాకు అలవాటే. కానీ ఆ రోజు పొద్దున ఎండ కాసి, నేను టిన్ను దించేసరికి వాన కొట్టింది. అయిదో అంతస్తు మేడం బాల్కనీలోకి చూసి, "ఛీ, ఈ వెదర్ పూరా బైపోలార్" అన్నది!

 మీరు మంచం మీద వణికే చేతులతో రాసిన మాటను ఆవిడ వానకు ఇచ్చేసింది. "మేడం, మొగులుకు మరి గోలీలు ఇప్పిస్తున్నరా?" అన్నాను. "యూ ఆర్ సో ఫన్నీ భయ్యా" అని నవ్వింది. ఏం చేయను?

అక్కడ పేర్లు ఎక్కువ, జబ్బులు లేవు. మన దగ్గర జబ్బులున్నాయి, పేరు ఒక్కటే. మెంటల్. కోడలు ఎదురు చెప్తే మెంటల్, ఒక్కడే నవ్వుకుంటే మెంటల్, తాగనంటే మెంటల్. కోపం ఇంకాస్త ఎక్కువైతే ఎర్రగడ్డ. దవాఖాన ఉందని ఒక ఊరి పేరునే తిట్టు చేసుకున్న ఘనులం. అక్కడ రైతుబజారు ఉంది, మెట్రో ఆగుతుంది, లేత తోటకూర దొరుకుతుంది. అయినా "ఎర్రగడ్డకు వోతున్న" అని రైల్లో అని చూడండి, పక్కవాడు లేచి నిలబడతాడు. సీటు కావాలంటే మంచి ఉపాయం, నేను వాడాను. నీళ్లు లేని గుట్ట మీద ప్లాటు కొని, దాని పక్కన ఇంకో ప్లాటు కొని, నా టిన్నుల కోసం మూడో అంతస్తు నుంచి ఎదురుచూసేవాడు మాత్రం మన కాలనీలో తెలివిమంతుడు!

అందుకే రాయి చెప్పాను. ఇంతకూ రాయి సంగతి కొంచెం పెరిగింది. "ఎంత సైజున్నదిర? వడ్డదా?" అని బాలప్ప రోజూ పీకుతున్నాడు. పడిందని చెప్పాను. చూపించమన్నారు. అపార్ట్‌మెంట్ కట్టే చోట కంకర కుప్ప ఉంది కదా, అందులోంచి ముళ్లుముళ్లుగా ఉన్నది ఒకటి ఏరి, హోమియో గోలీల సీసాలో వేసి ఇచ్చాను. బాలప్ప దాన్ని బిస్కెట్ డబ్బాల పక్కన పెట్టాడు. చాయ్ తాగేవాళ్లంతా ఎత్తి, వెలుతురుకు పెట్టి చూసి, "పాపం, సత్తన్న ఎట్ల భరించిండో" అంటున్నారు. చిన్నరాములు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వాడి ఇంటి గోడలో అలాంటివి ఎన్నో ఉన్నాయి, ఒక్కదాన్నీ చూసి ఏడవలేదు.

ఇట్లు, నవ్వు ఆపుకుంటూ,
ఐలయ్య

—

దవాఖాన
5 అక్టోబర్ 2025

ఐలయ్యా,

పోయిన ఆదివారం రాయలేదు. నీ ఉత్తరం చదివి మంటెక్కింది, రాయొద్దనుకున్నాను.

ముందు సంగతి. కౌన్సిలింగ్ మేడం వద్దన్నది జబ్బును ఎగతాళి చేయడం. నువ్వు బావనే మానేశావు. మీ అక్కకు నేను చెప్పాను, విన్నదో లేదో. నర్సులు నన్ను 'సత్తయ్యగారూ' అని మెల్లగా పిలుస్తారు, అద్దం పగులుతుందేమో అన్నట్టు. డాక్టరూ అంతే. మీ అక్క నా ముందర చెంచా కూడా చప్పుడు కాకుండా పెడుతుంది. మిగిలింది నువ్వు ఒక్కడివి. నీ ఉత్తరం విప్పితే అందులో కూడా 'గారు' ఉంది. నాకు ఎంత ముదిరిందో ఆ రెండక్షరాలు చూసి తెలుసుకున్నాను.

రెండోది రాయి. నువ్వు నా పరువు కాపాడుతున్నావని అనుకుంటున్నావు. నాకు వేరేగా అర్థమైంది. నా జబ్బు పేరు చెప్పుకోవడానికి నీకు సిగ్గుగా ఉంది. కంకర రాయిని సీసాలో పెట్టి ఊరంతా చూపించావు. నన్ను మాత్రం దాచావు.

దసరాకు నా తరపున బాలప్పకు జమ్మి పెట్టావా? నీకేమన్నాడు?

సత్తయ్య

—

బీరంగూడ
11 అక్టోబర్ 2025

గౌరవనీయులైన బావగారికి,

సిగ్గు నాకా! బట్టలు విప్పుకుని చెరువులో దూకి, ఒడ్డున బట్టలు పోతే తామరాకు కట్టుకుని బస్టాండు దాకా నడిచినవాణ్ని. సిగ్గు అన్న మాట నా మీద వేయకండి, అతకదు. నాకున్నది భయం. మీ గురించి భయం. ఆ తేడా మీకు తెలియకపోతే నేనేం చేసేది?

జమ్మి పెట్టాను. బాలప్ప ఆకు కళ్లకద్దుకుని, "బంగారమసుంటి మనిషి. రాయి వడ్డది, ఇగ జల్ది రమ్మను" అని నన్ను కావలించుకున్నాడు. మరి ఆ మనిషికే మీ జబ్బు పేరు చెప్తే కావలించుకునేవాడా? మీరు చెప్పండి.

నిన్న మీ కంపెనీలో ఏం జరిగిందో రాస్తాను. అప్పుడైనా నా మాట అర్థమవుతుంది. మానసిక ఆరోగ్య దినమట. టిన్నులు దించడానికి పోతే గేటుకు పచ్చ బ్యానర్, 'మనసు విప్పి మాట్లాడుదాం' అని. హెచ్‌ఆర్ సాయికిరణ్ పచ్చ రిబ్బను గుచ్చుకుని పెళ్లికొడుకులా తిరుగుతున్నాడు. నగరం నుంచి ఒక ఉపన్యాసకుణ్ని తెచ్చారు. ఆయన కార్మికులందరికీ బుగ్గలు, అవే బెలూన్లు, పంచి, "మీ టెన్షన్ దాని మీద రాసి, పగలగొట్టండి, పోతుంది" అన్నాడు. ఒడిశా పిల్లలు, బిహార్ పిల్లలు బుగ్గలు పగలగొట్టారు. సూపర్‌వైజర్ వచ్చి, "ముక్కలు ఎవడు ఊడుస్తడు?" అని అరిచాడు. ఆ పిల్లలే ఊడ్చారు. టెన్షన్ అలా పోయింది. తర్వాత కేకు కోశారు. నాకూ పెట్టారు. బాగుంది, అబద్ధమెందుకు.

కేకు తింటుంటే సాయికిరణ్ నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, సత్తన్నది నిజంగ స్టోనేనా? మెంటల్ కేసు గాదు గద? అట్లయితే ముందుగాల చెప్పుండ్రి, నేను ఫైల్ పెట్టాలె. క్రేన్ ఉద్యోగం, రిస్కుంటది" అన్నాడు. వాడి వెనకే బ్యానర్ ఉంది. మనసు విప్పి మాట్లాడుదాం!

మీరైతే ఏమనేవారు? నేను "స్టోనే తమ్మీ. బాలప్ప హోటల్ల ఉన్నది, వొయ్యి సూస్కో" అన్నాను.

ఇట్లు, భయస్తుడు,
ఐలయ్య

—

దవాఖాన
12 అక్టోబర్ 2025

ఐలయ్యా,

నవంబర్ రెండో తారీఖు, ఆదివారం, నన్ను పంపిస్తామన్నారు. మందులు ఆపకూడదు, నెలనెలా చూపించుకోవాలి, అంతే.

బాగా ఆలోచించాను. మందు వేసుకునేటప్పుడు ఎవరైనా చూస్తే రాయి మందు అని చెప్పాలి. నెలనెలా దవాఖానకు పోతే మళ్లీ రాయి పుట్టిందని చెప్పాలి. ఏదో ఒకరోజు మళ్లీ నిద్ర పట్టకుండా మొదలైతే, అది జబ్బు అని తెలియక, తాగాడని ఊరంతా నవ్వుతూ నిలబడుతుంది. చెరువు కట్ట మీద అలాగే నిలబడ్డారు. ఒక్కడు ముందే గుర్తుపట్టి ఉంటే నన్ను కిందికి దించేవాడు.

నేను రాయి పేషెంటుగా ఆ కాలనీలో అడుగు పెట్టను. బాలప్ప హోటల్లో నీ నోటితో చెప్పు. చెప్పకపోతే జహీరాబాద్‌లో మా చిన్నాయన కొడుకు దగ్గరికి పోతాను. ఉట్టి బెదిరింపు కాదు. వాడికి కబురు పంపాను, రమ్మన్నాడు.

సత్తయ్య

—

బీరంగూడ
18 అక్టోబర్ 2025

గౌరవనీయులైన బావగారికి,

అక్క మీ ఉత్తరం చదివింది. ఎప్పుడూ చదవదు, ఈసారి చదివింది. ఆనాటి నుంచి నాతో మాట లేదు. అన్నం గిన్నె నా ముందు పెట్టి, వీధి కుక్కకు పెట్టినట్టు, వెనక్కి చూడకుండా పోతోంది. రుచిత మాత్రం, "నాయిన చెప్పింది కరెక్టే మామా, నువ్వే ఓవర్ జేస్తున్నవ్" అన్నది. ఈ కాలం పిల్లలకు అన్నీ కరెక్టే. రేపు కాలేజీలో 'వాళ్ల నాయిన మెంటల్' అని ఎవడో గోడ మీద రాస్తే తెలుస్తుంది.

చూడండి, నేను బేరానికి వస్తున్నాను. నరాల బలహీనత అని చెప్తాను. సగం నిజం. మన వైపు సగం మందికి ఉంది, గోడల మీద దానికి పోస్టర్లు కూడా ఉన్నాయి. అది వద్దంటే బ్రెయిన్ టైఫాయిడ్. అది అసలు ఉందో లేదో నాకు తెలియదు కానీ వినడానికి బరువుగా ఉంటుంది. అదీ వద్దంటే గాలి సోకిందని చెప్తాను. గాలికి ఇప్పటికీ గౌరవం ఉంది. నిమ్మకాయలు తెచ్చి దిష్టి తీస్తారు, వంట చేసి పెడతారు, ఎవ్వరూ ఉద్యోగంలోంచి తీయరు. దయ్యం పట్టినవాడు తిరిగి మనిషి కావచ్చు బావగారూ. మెంటల్ అన్నవాడు మళ్లీ మనిషి అయినట్టు మన కాలనీలో ఒక్కణ్ని చూపించండి.

బైపోలార్ అన్న మాట అమీన్‌పూర్‌లో వానకు వాడతారు, అక్కడ ఎవరికీ నష్టం లేదు. అదే మాట అక్కణ్నుంచి బీరంగూడకు వస్తే మనిషి మీద ముద్రవుతుంది. మీరు ఏసీ గదిలో మంచి డాక్టరు దగ్గర ఆ మాట నేర్చుకున్నారు. దాన్ని నేను చాయ్ హోటల్లో విప్పాలి. తేడా లేదా?

ఇట్లు,
మీ మేలు కోరే ఐలయ్య

—

దవాఖాన
19 అక్టోబర్ 2025

ఐలయ్యా,

వార్డులో ఏసీ లేదు.

జహీరాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందో మీ అక్కకు చెప్పు. బట్టలు అక్కడికే తెమ్మన్నాను.

సత్తయ్య

—

బీరంగూడ
25 అక్టోబర్ 2025

ఓ కొక్కెం బావా,

జహీరాబాద్‌కు పోతావా? పో. ఆ చిన్నాయన కొడుకు గురక విన్నావా ఎప్పుడైనా? నీకు బ్రేకు పట్టకపోతే గోలీలున్నాయి. వాడి ముక్కుకు లేవు. ఒక్కరోజుకే వార్డుకు తిరిగి పోయి, లెక్చరర్ కాళ్లు పట్టుకుని పక్క మంచం అడుక్కుంటావు.

అక్కకు పెట్టిన ఒట్టు నీళ్లలో కలిసింది. నీళ్ల వ్యాపారం కదా, కలిపేశాను.

చెప్పేశాను బావా. గురువారం సాయంత్రం, హోటల్ నిండుగా ఉన్నప్పుడు. బస్సు రాని రోజు నీ మొహంలా ఉండింది నా మొహం, కానీ ఎవరూ గమనించలేదు. సీసా దించి, మూత తీసి, రాయిని బల్ల మీద పోశాను. "గిది కంకర" అన్నాను. నవ్వారు. నేను ఏది చెప్పినా ముందు నవ్వడం వీళ్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే కాబట్టి నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాను. తర్వాత, "బావకు రాయి లేదు. మనసు జబ్బు. బైపోలార్ అంటరు దాన్ని. నిమజ్జనం నాడు తాగలేదు, జబ్బే గట్ల జేసింది. మందులు వడ్డయి, వచ్చే నెల రెండో తారీఖు ఇంటికొస్తడు" అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను. నా జన్మలో జోకు లేకుండా అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారి.

బాలప్ప చాయ్ కలపడం ఆపాడు. స్టవ్వు ఒక్కటే బుస్సుమంటోంది.

"అంటే... మెంటలా?" అన్నాడు చిన్నరాములు.

"కాదుర. మెంటల్ అంటే నువ్వు, కంకర రాయిని సూసి ఏడ్సినవ్" అన్నాను. అంటే అన్నాను కానీ ఎవరూ నవ్వలేదు.

ఇగ మొదలుపెట్టారు. రాయి అన్నప్పుడు అందరూ డాక్టర్లే కదా, ఇది అన్నాక అందరూ పోలీసులయ్యారు. "నాకు ఎప్పటిసంది డౌటే, ఆయన కండ్లు గట్లనే ఉంటుండె" అన్నాడు ఒకడు. "మొన్న నమస్తే వెడితే సూడకుండ వోయిండు" అన్నాడు ఇంకొకడు. నీకు దూరం ఆనదు, కళ్లజోడు లేకుండా నీ పెళ్లాన్నే గుర్తుపట్టవు, ఆ సంగతి వాడికెలా తెలుస్తుంది? నువ్వు చిన్నప్పుడు చెట్టు ఎక్కింది కూడా సాక్ష్యమే అయింది. అందరూ కలిసి నీ జీవితం మొత్తం తవ్వి జబ్బును ఏరారు. నేను కంకర ఏరినట్టే. తేడా ఏమంటే, నాది అబద్ధమని నాకు తెలుసు.

బాలప్ప నాకు చాయ్ పోశాడు. ఎప్పుడూ గాజు గ్లాసులో పోసేవాడు, ఆ రోజు కాగితం కప్పులో పోశాడు. నేను దాన్ని చూశాను. నేను చూడటం వాడు చూశాడు. తాగకుండా లేచి వచ్చేశాను. దారిలో నిన్ను, నీ డాక్టరును, నా నోటిని వరసగా తిట్టుకుంటూ ఆటో నడిపాను. ఇన్ని రోజులు ఏం రాశాను నీకు? ఇదే కదా! రాయికి మూటలు మూటలు ఉలవలు వచ్చాయి. మనసుకు ఒక్క గింజ రాలేదు.

శుక్రవారం మీ కంపెనీకి టిన్నులు వేయడానికి పోయి సాయికిరణ్‌కూ చెప్పేశాను. మునిగినవాడికి చలేంది. ఆ పిల్లగాడు, "పాలసీ సూడాలె అన్నా" అని నసిగాడు. "నీ పాలసీ గేటుకు యేలాడుతున్నది తమ్మీ, సదువుకో" అన్నాను. బ్యానర్ ఇంకా తీయలేదు, సగం చిరిగింది. వాడు పోయి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. డాక్టరు కాగితం తెస్తే ఉద్యోగం ఉంటుందట, క్రేన్ మాత్రం కొన్నాళ్లు వద్దట, స్టోర్స్‌లో కూర్చోమన్నారు. గెలిచినట్టా ఓడినట్టా నాకు అర్థం కాలేదు. నువ్వే చూసుకో. కొక్కెం లేని కొక్కెం బావను ఏమని పిలవాలో అది నా తలనొప్పి.

ఇప్పుడు అసలు సంగతి. ఇవాళ పొద్దున నేను అక్క ఇంటి ముందర ఆటో కడుగుతున్నాను. బాలప్ప వచ్చాడు. హోటల్ వదిలి ఆ మనిషి పొద్దుటిపూట బయటికి రావడం వాళ్ల నాయిన పోయినరోజు తప్ప నేను చూడలేదు. చేతిలో గుడ్డ మూట. గేటు కాడే నిలబడ్డాడు. అక్క లోపలి నుంచి వచ్చింది. ముగ్గురం ఎవరి కాళ్లు వాళ్లం చూసుకుంటున్నాం.

"నిన్న గాక మొన్న పేపర్ కప్పుల వోసిన. చెయ్యి గట్ల వొయ్యింది, నేను అనుకోలే" అన్నాడు. తర్వాత మూట అక్క చేతికిచ్చాడు. "గా జబ్బుకు ఏం తాపాలెనో నాకు తెల్వది చెల్లె. ఎవ్వరినడిగినా తెల్వదన్నరు. నా కాడ గివే ఉన్నయి."

విప్పి చూస్తే ఉలవలు.

నేను నవ్వాను బావా. పగలబడి నవ్వాను. అక్క గేటు పట్టుకుని ఏడ్చింది. బాలప్పకు ఎటు పోవాలో తెలియక ఆటో బక్కెట్‌లో చేతులు కడుక్కుని పోయాడు.

అది నా మురికి నీళ్ల బక్కెట్. చెప్పలేదు వాడికి. ఆ కప్పు ఇంకా గుర్తుంది నాకు.

చిన్నరాములు మాత్రం మీ గల్లీలోంచి రావడం మానేసి చుట్టు తిరిగి పోతున్నాడు. వాడు తిరిగి పోయే గల్లీలో రెండు రోజులుగా ఆటో అడ్డం పెడుతున్నాను.

వచ్చేటప్పుడు ఆ వార్డు క్యారమ్ బోర్డు దొంగతనం చేసుకురా. నీకిప్పుడు ఏం చేసినా సర్టిఫికెట్ ఉంది కదా!

ఇట్లు,
నీ ఒక్కగానొక్క బామ్మర్ది, నీ ఖర్మ,
ఐలయ్య

—

దవాఖాన
26 అక్టోబర్ 2025

ఒరేయ్ టిన్నుల ఐలిగా,

నీ ఉత్తరం లెక్చరర్‌కు వినిపించాను. సర్టిఫికెట్ మాట దగ్గర ఆయన అంత గట్టిగా నవ్వితే, ఏమైందోనని నర్సు పరుగెత్తుకొచ్చింది. ఇద్దరికీ చెరో గోలీ ఎక్కువ ఇస్తారేమోనని నోరు మూసుకున్నాం.

జహీరాబాద్‌కు రానని కబురు పంపాను. గురక గుర్తొచ్చింది.

స్టోర్స్ అయితే స్టోర్స్. పైనుంచి చూసింది చాలు కొన్నాళ్లు.

ఉలవలు నానబెట్టమని మీ అక్కకు చెప్పు. బాలప్ప తెచ్చినవే, వేరేవి కలపొద్దు. ఆదివారం మధ్యాహ్నం అన్నంలోకి చారు కావాలి. సాయంత్రం హోటల్‌కు వస్తాను, నువ్వూ రా. ఇద్దరం మధ్య బల్ల దగ్గర కూర్చుందాం, అందరికీ కనబడేటట్టు.

గాజు గ్లాసులో పోయమను.

సత్తయ్య